అమ్మమ్మ చేతిరాత లాంటి ఫాంటు కావాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

లేబుళ్ళు, శుభలేఖలు, టిఫిన్ సెంటర్ల బోర్డులు డిజైన్ చేయడం నా పని. "పాతకాలం నాటి చేతిరాతలా ఉండాలండీ" అనే మాట వారానికి ఒకసారైనా వింటాను. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా దాదాపు ఒకటే కాబట్టి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇంగ్లీషు ఫాంట్ల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను తెలుగు వరకే చెబుతాను.

పాతకాలపు చేతిరాత ఫాంటు అంటే అసలు ఏది?

అలాంటిది ఒక్కటి లేదు. అందుకే ఎవరైనా అలా అడిగితే నేను ముందు "ఎవరి చెయ్యి?" అని అడుగుతాను. మనకు గుర్తుండేది కాలం కాదు, ఒక మనిషి రాత. ఊళ్ళో కిరాణా కొట్టు బోర్డు రాసిన పెయింటరు, నల్లబల్ల మీద తేదీ వేసిన మేష్టారు, ఇన్‌లాండ్ లెటర్లో మడత పెట్టే చోటు కూడా వదలకుండా రాసిన పెద్దమ్మ, సినిమా పోస్టరు మీద టైటిల్ గీసిన ఆర్టిస్టు. వీళ్ళ రాతల్లో ఒకదానికీ ఇంకొకదానికీ పోలికే ఉండదు.

పెయింటరుది బల్లపరుపు కుంచె. సుద్దతో రెండు గీతలు కొట్టుకుని, వాటి మధ్య అక్షరాలను నిండుగా కూర్చోబెట్టి, ఒక పక్కగా షేడ్ వేస్తాడు. ఉత్తరం రాసే చేతిలో ఉండేది ఇంకు పెన్ను. అక్కడ అక్షరాలు సన్నగా, కాస్త వాలుగా ఉంటాయి, తలకట్లు టిక్కు పెట్టినట్టు పైకి ఎగురుతాయి. సుద్దముక్కతో రాసినప్పుడు గీత ఒకే మందంలో ఉంటుంది, అంచులు మాత్రం పొడిపొడిగా రాలుతాయి. సినిమా టైటిల్ సంగతి వేరు. పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ లాంటివాళ్ళు ఒక్కో సినిమాకి ఒక్కో రకం అక్షరం పుట్టించారు. దానికి కావలసింది ఫాంటు కాదు, ఆర్టిస్టు.

ఏ చెయ్యో తేలితే సగం పని అయినట్టే. ఆవకాయ సీసా మీద సినిమా టైటిల్ అక్షరాలు పెడితే, అక్షరాలు ఎంత బాగున్నా అమ్మమ్మ గుర్తురాదు.

మరీ పాతది కావాలి, కరణాల దస్తావేజుల్లో ఉండే రాత దొరుకుతుందా?

దాన్ని గొలుసుకట్టు అంటారు. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరంతో ముడివేస్తూ పోయే రాత. చూడడానికి ఎంతో అందంగా ఉంటుంది, కానీ మా తాత దస్తావేజు నాకే చదవడం రాదు. మీ కస్టమరుకూ రాదు. వెనక లేత రంగులో బొమ్మలాగా వేసుకోండి, పేరు మాత్రం అందులో రాయకండి.

ఫాంటు పనికొస్తుందో లేదో ముందే ఎలా తెలుస్తుంది?

అమ్మేవాళ్ళు చూపించే నమూనాలో "తెలుగు వెలుగు" లాంటి తేలిక మాటలే ఉంటాయి. ఒత్తులు లేని మాటలు ఏ ఫాంటులోనైనా బాగానే కనిపిస్తాయి. నేను ఈ మాటలు టైప్ చేసి చూస్తాను: శ్రీ, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, జ్ఞాపకం, స్వగృహ, పచ్చళ్ళు, ఐశ్వర్యం. "రాష్ట్రం"లో ష కింద ట ఒత్తు, దాని పక్కన ర ఒత్తు. రెండూ ఒకదాన్నొకటి తొక్కకుండా నిలబడ్డాయంటే ఫాంటు చేసినవాడు శ్రద్ధగా చేశాడని అర్థం. "జ్యోత్స్న"లో త కింద స, న రెండూ పట్టాలి. చాలా ఫాంట్లు అక్కడే దొరికిపోతాయి.

తర్వాత చూడాల్సింది పోలిక అక్షరాలను. వ, ప లకు తేడా అంతా తలకట్టులోనే ఉంది. వ కి అతుక్కుని ఉంటుంది, ప కి విడిగా ఉంటుంది. చేతిరాత ఫాంట్లలో తలకట్టును హడావిడిగా లాగేసి ఆ తేడాను మింగేస్తారు. అప్పుడు పద్మ కాస్తా వద్మ అయి కూర్చుంటుంది. మ, య ల జతను, ధ, థ ల జతను కూడా చిన్న సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. థ లో చుక్క, ధ లో వత్తు గీత ఉన్నాయో లేవో తెలియకపోతే ఆ ఫాంటు పేర్లకు పనికిరాదు.

ఇంకొకటి. "ఫేస్‌బుక్" అని రాసి చూడండి. స కి పొల్లు పెట్టి బ ని విడిగా ఉంచడానికి మధ్యలో కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. కొన్ని ఫాంట్లు దాన్ని డబ్బాగా చూపిస్తాయి.

ఉచితంగా దొరికేవాటిలో ఏవి బాగుంటాయి?

అమెరికా తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన యూనికోడ్ ఫాంట్లు (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతివి) గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటిలో చేతిరాత పోలికలు ఎక్కువగా ఉన్నది లక్కిరెడ్డి. శుభలేఖల్లో శీర్షికలకు, పిల్లల వేడుకలకు సరిపోతుంది. నిండైన బోర్డు అక్షరం కావాలంటే రామభద్ర చూడండి. అది చేతిరాత కాదు కానీ షేడ్ వేస్తే పెయింటరు పనికి దగ్గరగా వస్తుంది. రవిప్రకాష్, ధూర్జటి కూడా పెద్ద సైజు కోసం చేసినవే. ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ళ బాలూ తమ్ముడు గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది. నాకు దాన్ని చూస్తే బిళ్ళల కాగితాలు గుర్తొస్తాయి.

మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఇంగ్లీషులో చేతిరాత ఫాంట్లు వేలల్లో ఉంటే మనకు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి. ఆ కారణం కింద చెబుతాను.

బాపు గారి చేతిరాత ఫాంటు వాడొచ్చా?

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. బాపు (1933-2014) రాత తెలుగువాళ్ళ కళ్ళకు ఎంత అలవాటైందంటే, "తెలుగుదనం ఉట్టిపడాలి" అని ఎవరైనా అన్నారంటే వాళ్ళ మనసులో ఉన్నది ఆ అక్షరమే. పెళ్ళికార్డుల్లో సగం ఆ పోలికలోనే ఉంటాయి.

నా ఇబ్బందులు రెండు. ఆ రాత పేరుతో, ఆ పోలికతో ఇంటర్నెట్‌లో తిరిగే ఫైళ్ళు చాలావాటికి లైసెన్సు కాగితం ఉండదు. ఎవరు చేశారో, ఎవరి అనుమతితో చేశారో తెలియని దాన్ని అమ్మకానికి పెట్టే సరుకు మీద వేయడం రిస్కు. రెండోది, మీ సీసా చూసినవాళ్ళకు మీ అమ్మమ్మ కాదు, బాపు గుర్తొస్తారు. ఆయన బొమ్మ, ఆయన అక్షరం మన కళ్ళల్లో కలిసిపోయి ఉన్నాయి. పెళ్ళికార్డుకు అది అందం. కొత్త బ్రాండుకు మాత్రం సొంత ముఖం లేకుండా పోతుంది.

నా దగ్గర అను ఫాంట్లు ఉన్నాయి. వాటిలో మంచి చేతిరాతలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ నడిచిన కాలం నుంచీ వాటితోనే మన పనులన్నీ జరిగాయి. కాకపోతే ఆ పాత ఫాంట్లు యూనికోడ్ కావు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే, పైన తెలుగు ముసుగు. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగా కనిపిస్తాయి. గూగుల్‌లో వెతికితే దొరకవు, వాట్సాప్‌లోకి కాపీ చేస్తే పనికిరావు. ప్రింటుకు మాత్రమే అయితే, మీ దగ్గర లైసెన్సు ఉన్న కాపీ అయితే, వాడుకోండి. వెబ్‌సైటుకు వద్దు.

ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతున్నాయి. ఫాంటు తప్పా?

దాదాపు ఎప్పుడూ ఫాంటు తప్పు కాదు, సెట్టింగు తప్పు. కొన్నేళ్ళ కిందటి వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్ళి టెక్స్ట్ ఇంజిన్‌ను "వరల్డ్-రెడీ లేఅవుట్"కు మార్చండి. ఇంకా పాత వెర్షన్లలో అదే "మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్" అని ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఇలస్ట్రేటర్‌లో ముందు టైప్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్లు కనిపించేలా టిక్కు పెట్టుకోవాలి. ఫోన్లో పని చేసేవాళ్ళు పిక్సెల్‌ల్యాబ్‌లో సొంత ఫాంటు ఎక్కించుకోవచ్చు, కానీ సేవ్ చేసే ముందు ప్రతి ఒత్తునూ పెద్దది చేసి చూసుకోండి.

ఫాంటు బాగుంది కానీ చేతితో రాసినట్టు అనిపించడం లేదు. ఎందుకు?

"అమ్మమ్మ ఆవకాయ" అని టైప్ చేసి చూడండి. "అమ్మమ్మ"లో మ్మ రెండుసార్లు వస్తుంది. ఫాంటులో ఆ రెండూ కవల పిల్లలు. అదే వంపు, అదే తలకట్టు, ఒత్తు కూడా అదే చోట. కంటికి వెంటనే తెలిసిపోతుంది. మనిషి రాస్తే రెండో మ్మ ఎప్పుడూ మొదటిదానిలా రాదు. చెయ్యి అప్పటికే మాట చివరికి పరిగెడుతూ ఉంటుంది.

మంచి ఫాంట్లలో ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి, పక్కపక్కన వచ్చినప్పుడు మారేలా చేస్తారు. తెలుగులో అలాంటివి అరుదు. కాబట్టి చేత్తో చేసుకోవాలి. నేను చేసేది ఇది. మాటను కర్వ్స్‌లోకి మారుస్తాను, అంటే అక్షరాలు ఇక టైపు కాదు, గీతల బొమ్మ. రెండో మ్మ ను విడదీసి రెండు డిగ్రీలు ఎడమకు వంచుతాను. తలకట్టు చివర ఉన్న నోడ్ (గీతను లాగే చుక్క) పట్టుకుని కాస్త పొడుగ్గా లాగుతాను, అది మాట చివరి అక్షరం కదా, చెయ్యి అక్కడ ఆగుతూ జారుతుంది. కింద ఒత్తును వెంట్రుక వాసి పైకి జరుపుతాను. ఆ తర్వాత "ఆవకాయ"ను మొత్తంగా గీత మీద నుంచి కొంచెం దించుతాను. పావుగంట పని. దీనికి ముందు, తర్వాత తీసిన ప్రింట్లు పక్కపక్కన పెడితే కస్టమరుకు తేడా ఎక్కడుందో చెప్పడం రాదు, కానీ ప్రతిసారీ రెండోదాన్నే చూపిస్తాడు.

హడావిడిలో అన్ని అక్షరాలనూ అటూ ఇటూ తిప్పేయకండి. అప్పుడు అమ్మమ్మ రాసినట్టు ఉండదు, బస్సులో కూర్చుని రాసినట్టు ఉంటుంది.

ఎంత సైజులో వాడాలి? లైన్ల మధ్య ఎంత వదలాలి?

ప్రింటులో 20 పాయింట్ల కంటే తక్కువకు నేను దిగను. ఇవి డిస్‌ప్లే ఫాంట్లు, నాలుగైదు మాటల కోసం పుట్టినవి. ఆహ్వానం అంతా అందులోనే కొట్టించే అలవాటు ఒకటి ఉంది, చదివేవాళ్ళు ముహూర్తం వెతుక్కోలేక ఫోన్ చేసి అడుగుతారు.

తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉండడంతో లైన్ల మధ్య చోటు ఎక్కువ కావాలి. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల దగ్గర మొదలుపెట్టి చూడండి. పై లైనులోని ర ఒత్తు కింది లైనులోని గుడిదీర్ఘానికి తగులుతుంటే చోటు పెంచే ముందు మాటల్ని వేరే చోట విరిచి చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

బోల్డ్, ఇటాలిక్ బటన్లు నొక్కొచ్చా?

వద్దు. ఫాంటులో బోల్డ్ విడిగా లేకపోతే సాఫ్ట్‌వేర్ గీతల్ని ఉబ్బిస్తుంది, ఘ, ఝ లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. ఇటాలిక్ అయితే అక్షరాన్ని పక్కకు తోసినట్టు ఉంటుంది. అక్షరాల మధ్య ఎడం పెంచడం కూడా వద్దు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు అది అందం. తెలుగులో మాట విరిగిపోయి అక్షరాలు తలో దిక్కూ చూస్తాయి.

పక్కన ఏ ఫాంటు పెట్టాలి?

ఏ వేషమూ లేనిది. మండలి గానీ నోటో శాన్స్ తెలుగు గానీ పెట్టండి. పాత పుస్తకం వాసన కావాలంటే తిరో తెలుగు బాగుంటుంది. సీసా మీద పేరు ఒక్కటే చేతిరాతలో ఉండాలి. దినుసులు, బరువు, తయారీ తేదీ, ధర అన్నీ మామూలు ఫాంటులోనే. రెండు చేతిరాత ఫాంట్లు ఒకే లేబుల్ మీద పెడితే ఇద్దరు మనుషులు ఒకే కాగితం మీద పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

అంకెలు, ఇంగ్లీషు మాటలు, రూపాయి గుర్తు?

ముందు చూడండి, ఫాంటులో ఉన్నాయో లేవో. చాలా తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలు వేరే ఫాంటు నుంచి తెచ్చి కలిపినవి, పోలిక కుదరదు. ఫోన్ నంబరును పక్కన ఉన్న మామూలు ఫాంటులో వేయండి. ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు వేస్తే ముచ్చటగా ఉంటుంది కానీ ధర దగ్గర వద్దు, చదవగలిగేవాళ్ళు తక్కువ. ఇక ₹ గుర్తు వచ్చిందే 2010లో. 1970ల నాటి కొట్టు బోర్డులా డిజైన్ చేసి అందులో ₹ పెడితే నాకు పంటి కింద రాయిలా ఉంటుంది. "రూ." అని రాయండి.

పాతదనం కోసం అరసున్న, ఱ పెట్టొచ్చా?

సరైన చోట అయితే పెట్టండి. "ఊరగాయ"లో ర ఒకప్పుడు శకటరేఫమే, "ఊఱగాయ" అని రాస్తే తప్పు కాదు, సీసా మీద చూడడానికి కూడా బాగుంటుంది. గుఱ్ఱము, మఱి అలాంటివే. కానీ రాముడిని "ఱాముడు" చేసిన బోర్డు ఒకటి చూశాను, ఆ రోజు టిఫిన్ సహించలేదు. అరసున్న కూడా అంతే. "వాఁడు" సరే, అందంగా ఉంది కదా అని ప్రతి మాటకూ చుక్కబొట్టులా పెట్టడం కుదరదు.

నకారపొల్లు (మాట చివర న్ కు పాతకాలపు రూపం) కావాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. అది యూనికోడ్‌లోకి 2021లోనే వచ్చింది, ఈ తరహా ఫాంట్లలో దాదాపు ఉండదు. వలపలగిలక (హల్లు ముందు పలికే ర్ ను దాని కుడిపక్కన రాసే పాత గుర్తు) కోసం ర కి పొల్లు పెట్టి, కనిపించని జోడింపు గుర్తు వేసి, తర్వాత హల్లు కొట్టాలి. ఫాంటు ఒప్పుకుంటేనే వస్తుంది. రాకపోతే చేత్తో గీసుకోవడమే.

కాగితం మరకలు, చిరుగులు, పసుపు రంగు వెనకాల వేస్తే బాగుంటుందా?

టీ మరక బొమ్మ చూసి చూసి విసుగొచ్చింది. బోర్డు పెయింటర్ల రంగులు అసలు వెలిసిపోయినవి కావు, ఎర్రటి ఎనామిల్ మీద పసుపు అక్షరం, నల్ల షేడ్. మనం పాతబడ్డాక చూశాం కాబట్టి వెలిసినట్టు గుర్తుంది. కొత్త కొట్టుకు కొత్త రంగే వేయండి.

మా నాన్నగారి చేతిరాతను ఫాంటుగా చేయించగలమా?

చేయించగలరు, కానీ ఓపిక కావాలి. ఇంగ్లీషుకు వంద రూపాలు గీస్తే పని నడుస్తుంది. మనకు ముప్పై ఆరు హల్లులు, ఒక్కోదానికి గుణింతం, ఆపైన ఒత్తులు. అన్నీ విడివిడిగా గీస్తే నాలుగైదు వందలు దాటుతాయి. ముక్కలుగా గీసి కలిపితే తగ్గుతాయి కానీ కొ, మొ, ఘొ లాంటివి ఎలాగూ విడిగా చూడాల్సిందే. గీశాక ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో నియమాలు రాయాలి. ఫాంట్‌ఫోర్జ్ ఉచితమే, సమయమే ఖరీదు. తెలుగులో చేతిరాత ఫాంట్లు తక్కువ ఉండడానికి కారణం ఇదే.

నా సలహా వేరు. నాన్నగారి చేత మీకు కావలసిన నాలుగు మాటలే తెల్లకాగితం మీద పెద్దగా, ఇంకు పెన్నుతో, పదిసార్లు రాయించండి. బాగా వచ్చినదాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసి ట్రేస్ చేయించుకోండి. లోగోకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఆయన లేకపోతే పాత ఉత్తరాలు, పద్దుల పుస్తకాలు వెతకండి. ఒక కస్టమరుకు వాళ్ళ అమ్మ పాల లెక్క రాసిన క్యాలెండరు కాగితం నుంచి "పాలు" అనే మాట తీసి ఇచ్చాను. వాళ్ళ పాల డెయిరీ పేరుకు అదే వాడారు.

లైసెన్సు సంగతి ఏమిటి?

గూగుల్ ఫాంట్స్‌లో నేను పైన చెప్పినవి ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవి. సరుకు మీద, బోర్డు మీద, వెబ్‌సైటులో వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. మిగతావాటికి, "వ్యక్తిగత వాడకానికి ఉచితం" అని ఉంటే మీ పచ్చళ్ళ వ్యాపారం వ్యక్తిగతం కాదు.

ప్రెస్సుకు ఫైలు ఎలా పంపాలి?

కర్వ్స్‌లోకి మార్చి పంపండి. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. మార్చని కాపీ మీ దగ్గర ఉంచుకోండి, తర్వాత పేరులో తప్పు దిద్దాలంటే అదే కావాలి. ఫైలుతో పాటు జేపెగ్ కూడా పంపి, దీనిలాగే ఉందో లేదో చూసి ప్రింటు కొట్టమని చెప్పండి.

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కు పదడుగుల ఫ్లెక్సీ నేనే డిజైన్ చేశాను. తొందరలో మార్చకుండా పంపేశాను. ప్రింటు కొట్టినవాళ్ళ కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. "శుభాకాంక్షలు"లో క్ష విడిపోయి క్, ష అని రెండు ముక్కలుగా వచ్చింది. సాయంత్రం ఆరింటికి కట్టారు, అప్పటికి చేసేదేం లేదు. మా అక్క పూలదండ ఒకటి తెచ్చి సరిగ్గా ఆ అక్షరం మీద వేలాడదీసింది. ఫొటోల్లో ఇప్పటికీ "శుభాకాం", తర్వాత బంతిపూలు, తర్వాత "లు" అని ఉంటుంది.

ఇంత కష్టం ఎందుకు, పెయింటరు చేతే రాయించుకోవచ్చు కదా?

దొరికితే తప్పకుండా రాయించుకోండి. ఫ్లెక్సీలు వచ్చాక చాలామంది ఇళ్ళకు రంగులు వేసే పనిలోకి వెళ్ళిపోయారు కానీ చెయ్యి పోలేదు. ఇతర భాషల్లో హ్యాండ్‌పెయింటెడ్ టైప్ అని ఆర్టిస్టు హనీఫ్ ఖురేషీ మొదలుపెట్టిన పని ఉంది, వీధి పెయింటర్ల అక్షరాలను వాళ్ళ పేర్లతోనే ఫాంట్లుగా చేశారు. మీ ఊళ్ళో పాత బోర్డుల కింద మూలన చిన్నగా సంతకం ఉంటుంది, ఆ పేరు పట్టుకుని టీ కొట్టు దగ్గర అడగండి. బేరం ఆడే ముందు ఒక్క సంగతి చెప్పండి: రాసినదాన్ని స్కాన్ చేసి లేబుళ్ళ మీద కూడా వేస్తామని. గోడకు ఒక రేటు, లోగోకు ఒక రేటు. అడ్వాన్సు ఇచ్చి, స్పెల్లింగు కాగితం మీద రాసి ఇవ్వండి.